మూత్రాశయం చిట్లిందో లేదో క్యాజువాలిటీ అల్ట్రాసౌండ్‌తో ఎంతవరకు చెప్పగలం?

ప్రశ్న: డ్యూటీ డాక్టర్, ములుగు వైపు నుంచి

సీనియర్లకు నమస్కారం. 163వ నంబరు జాతీయ రహదారి మీద బైకు, ట్రాక్టరు ప్రమాదాల్లో కటి ఎముక విరిగినవారు ముందుగా మా ఆసుపత్రికే వస్తారు. మా క్యాజువాలిటీలో అల్ట్రాసౌండ్ యంత్రం ఉంది గాని సీటీ లేదు. ఫాస్ట్ స్కాన్‌లో (గాయపడినవారి పొట్టలో ద్రవం ఉందేమో త్వరగా చూసే అల్ట్రాసౌండ్‌లో) పొత్తికడుపులో ద్రవం కనిపించి, మూత్రం కూడా ఎర్రగా వస్తుంటే మూత్రాశయం చిట్లిందని ఇక్కడే నిర్ధారించవచ్చా? ద్రవం కనిపించకపోతే గాయం లేదని కేస్ షీటులో రాయవచ్చా? కాథెటర్ (మూత్రాశయంలోకి వేసే గొట్టం) ద్వారా సెలైన్ ఎక్కించి చూసే పద్ధతి మాబోటి చోట్ల పనికివస్తుందా?

జవాబు 1: ఎమర్జెన్సీ వైద్యురాలు, హనుమకొండ

డాక్టర్ గారూ, మీ రెండో ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. రాయకూడదు. కటి ఎముక విరిగినప్పుడు మూత్రాశయం ఎక్కువగా పెరిటోనియం (పొట్ట లోపలి పొర) బయటి భాగంలో చిరుగుతుంది. అప్పుడు మూత్రం మూత్రాశయం చుట్టూ ఉన్న కణజాలంలోకి కారుతుందే తప్ప పొట్ట లోపలికి చేరదు కాబట్టి, కాలేయం పక్కన, ప్లీహం పక్కన ఎంత వెతికినా ఫాస్ట్ స్కాన్ శుభ్రంగానే కనిపిస్తుంది.

ద్రవం కనిపించినా అది రక్తమో మూత్రమో ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం) చెప్పలేదు. బీపీ పడిపోతున్న రోగిలో దానిని రక్తంగానే భావించి చికిత్స మొదలుపెట్టాలి. ఇంకొక మాట: కాథెటర్ వేయకముందే పొత్తికడుపు స్కాన్ చేయండి. మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడే దాని వెనుక చేరిన ద్రవం స్పష్టంగా తెలుస్తుంది. గంటల తరబడి మూత్రం పోయని మనిషికి నరం ద్వారా సెలైన్ బాగానే ఎక్కినా మూత్రాశయం ముడుచుకుపోయి, చుట్టూ ద్రవం ఉంటే అనుమానం బలపడుతుంది.

జవాబు 2: యూరాలజిస్ట్, వరంగల్

మేడమ్ చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కాథెటర్ పట్టుకునే ముందు మూత్రద్వారం దగ్గర రక్తపు చుక్క ఉందేమో చూడండి. ఉంటే మూత్రనాళం (మూత్రాశయం నుంచి మూత్రాన్ని బయటికి తెచ్చే దారి) తెగి ఉండవచ్చు. రెట్రోగ్రేడ్ యురెత్రోగ్రామ్ (మూత్రద్వారం నుంచి మందు ఎక్కించి మూత్రనాళాన్ని చూసే ఎక్స్‌రే) తీయకుండా గొట్టం తోస్తే సగం తెగినది పూర్తిగా తెగే ప్రమాదం ఉంది.

సెలైన్ పద్ధతి విషయానికి వస్తే, మూత్రనాళం బాగుందని తేలాక శుభ్రమైన సెలైన్ నెమ్మదిగా ఎక్కిస్తూ ప్రోబ్‌తో చూస్తే, మూత్రాశయం నిండకుండా దాని వెనుక ద్రవం పెరుగుతూ పోవడం కొందరిలో కళ్ల ముందే కనిపిస్తుంది. అలా కనిపిస్తే అది విలువైన ఆధారమే. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే చిన్న చిరుగును రక్తపు గడ్డ మూసి ఉంచవచ్చు. తుది నిర్ధారణ సీటీ సిస్టోగ్రామ్‌తోనే (మూత్రాశయాన్ని కాంట్రాస్ట్‌తో, అంటే స్కాన్‌లో స్పష్టంగా కనిపించే మందుతో, నింపి తీసే సీటీతోనే) జరగాలి. అక్కడ కూడా కాథెటర్‌ను బిగించి, మూత్రాశయం తనంతట తాను నిండేదాకా ఆగితే చాలదు. పెద్దవారిలో పలుచన చేసిన కాంట్రాస్ట్‌ను కనీసం 300 మిల్లీలీటర్ల దాకా కాథెటర్ నుంచే నింపాలి.

చిరుగు పెరిటోనియం బయటికా, పొట్ట లోపలికా అన్న తేడా మీద చికిత్స ఆధారపడి ఉంది. పెరిటోనియం బయటి చిరుగు చాలామందిలో కాథెటర్‌తోనే రెండు, మూడు వారాల్లో మానుతుంది. నిండు మూత్రాశయం మీద దెబ్బ తగిలి పైకప్పు చిట్లితే మూత్రం పొట్టలోకి పోతుంది, దానికి ఆపరేషన్ తప్పదు. ఆలస్యమైతే పొట్టలోని మూత్రం తిరిగి రక్తంలోకి ఇంకి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును చూపే రక్తపరీక్ష విలువ) పెరుగుతుంది, కిడ్నీలు చెడిపోయాయని పొరపడే అవకాశం ఉంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు సార్, మేడమ్. అయితే కటి ఎముక విరిగి, మూత్రం ఎర్రగా ఉంటే స్కాన్ ఎలా ఉన్నా పంపించాలన్నమాట. మా దగ్గర రాత్రిపూట యంత్రం ఉన్న గదికి తాళం వేస్తున్నారు, దానికి ఏమైనా మార్గం ఉందా?

జవాబు 3: రేడియాలజిస్ట్, కరీంనగర్

అవును, ఆ రెండూ కలిసి కనిపిస్తే స్కాన్ శుభ్రంగా ఉన్నా సిస్టోగ్రామ్ తప్పనిసరి. తాళం విషయంలో, 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం యంత్రం నమోదై ఉండాలి, వాడేవారికి తగిన అర్హత ఉండాలి. కాబట్టి రాత్రి డ్యూటీలో ఎవరు స్కాన్ చేయవచ్చో సూపరింటెండెంట్ గారితో రాతపూర్వకంగా తేల్చుకోండి. అంతవరకు స్కాన్ కోసం అంబులెన్స్‌ను ఆపకండి; కటికి బైండర్ (ఎముకలు కదలకుండా బిగించే పట్టీ) కట్టి పంపండి. రిఫరల్ చీటీలో మూత్రద్వారం దగ్గర రక్తం ఉన్నదీ లేనిదీ, కాథెటర్ వేసిన సమయం, వచ్చిన మూత్రం పరిమాణం, రంగు, స్కాన్ చేసి ఉంటే అది కాథెటర్‌కు ముందా తరువాతా అన్నది రాయండి. ఇక్కడ సిస్టోగ్రామ్ చేసేటప్పుడు మేము మొదట చూసేది ఆ వివరాలనే.