కింద షాపు, పైన ఇల్లు: కెమెరాలకు వైర్ లాగించాలా, వైఫై సరిపోతుందా?

మేడమీది_ఇల్లు:
నాలుగు కెమెరాలు పెట్టించాలి. షాపులో రెండు, గేటు దగ్గర ఒకటి, మెట్ల దగ్గర ఒకటి. టెక్నీషియన్ వైర్ లాగి ఎన్‌వీఆర్ (రికార్డింగ్ పెట్టె) పెడతానంటున్నారు. వైఫై కెమెరాలైతే గోడలు తొలిచే పనే ఉండదని మా తమ్ముడు. ఎవరి మాట వినాలి?

తీగల_పని:
వైరే. నేను చేసేది ఈ పనే కాబట్టి వివరంగా చెప్తాను. వైఫై కెమెరాకి కూడా కరెంటు కావాలి. అంటే ఒక అడాప్టరు, దానికో ప్లగ్గు. గేటు దగ్గర ప్లగ్గు లేకపోతే ఎలాగూ గోడ తొలవాల్సిందే. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అయితే ఒక్క క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటు వెళ్తుంది, వీడియో వస్తుంది. మామూలు పీఓఈ పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, దారిలో పోయేది పోను కెమెరాకి 12.95 అందుతుంది. ఇంటి కెమెరాకి అది ధారాళంగా సరిపోతుంది. ఒక్కో కేబుల్ 100 మీటర్లు దాటకూడదు, అంతే. ఎన్‌వీఆర్‌కి, కెమెరాల కేబుళ్లన్నీ కలిసే పీఓఈ స్విచ్‌కి కలిపి ఒక యూపీఎస్ పెడితే కరెంటు పోయినా నాలుగూ నడుస్తాయి. షాపులో రూటరు పెట్టి స్లాబు దాటి సిగ్నల్ మెట్ల దాకా రావాలంటే మాత్రం రోజూ టెన్షనే.

సాయంకాలం:
మా ఇంట్లో వైఫైవే. బాగానే ఉన్నాయి.

గేటు_తాళం:
వైర్ వేసేవాళ్లు ఎప్పుడూ ఇదే చెప్తారు. మా గోడౌన్‌లో వైరే లాగారు. పగలంతా బాగుండేది. చీకటి పడగానే వెనకవైపు కెమెరా ఆగడం, మళ్లీ ఆన్ అవడం. ఫోన్ చేస్తే "రేపొస్తాం". దొంగలు వచ్చేదే రాత్రి కదండీ!

తీగల_పని:
అది వైర్ తప్పు కాదు, సీసీఏ కేబుల్ తప్పు. అల్యూమినియం తీగకి పైన రాగి పూత. చీకటి పడితే కెమెరాలో రాత్రి చూపు కోసం ఉండే ఐఆర్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతుంది. తీగ నాసిరకమై, దూరం కూడా ఎక్కువైతే చివరికి వోల్టేజీ చాలదు, కెమెరా రీస్టార్ట్ అవుతుంది. తీగ కొసని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే.

గేటు_తాళం:
కేబుల్ తెచ్చింది వాళ్లు, వేసింది వాళ్లు. బ్లేడు పట్టుకుని నేను గీక్కోవాలా?

తీగల_పని:
డబ్బు పెట్టే ముందు చూసుకోవాలి మరి. పూర్తి రాగి కేబుల్ కావాలని బిల్లులో రాయించుకోండి.

గేటు_తాళం:
నేను అడిగింది కేబుల్ గురించి కాదు. పిలిస్తే ఎందుకు రారు అని.

పాత_డీవీఆర్:
ఇంట్లో ఇప్పటికే పాత కెమెరాల కోయాక్స్ వైరుంటే (టీవీ కేబుల్ లాంటిది) పీకేయకండి. దాని మీద కూడా హెచ్‌డీ కెమెరాలు నడుస్తాయి.

రాత్రి_డ్యూటీ:
వైఫై కెమెరాలో మెమరీ కార్డు కెమెరాలోనే ఉంటుంది. కెమెరా పీక్కుపోతే కార్డులోని రికార్డింగూ పోయినట్టే.

గేటు_తాళం:
ఎన్‌వీఆర్ ఎత్తుకుపోతే?

రాత్రి_డ్యూటీ:
అందుకే క్యాష్ కౌంటర్ పక్కన పెట్టకూడదు. తాళం ఉన్న గదిలో పెట్టాలి. హార్డ్ డిస్క్ కూడా లెక్క చూసుకుని కొనండి. కెమెరాకి 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) చొప్పున ఆగకుండా రికార్డయితే రోజుకి 43 జీబీ. నాలుగింటికి 170 దాటుతుంది. 2 టీబీ డిస్క్ పదకొండు రోజులకే నిండి, పాతవి చెరిపేస్తూ పోతుంది. దొంగతనం సంగతి నెల తర్వాత తెలిస్తే చూడ్డానికి ఏమీ మిగలదు.

గేటు_తాళం:
వైఫైలో నాకు నచ్చేది ఒకటే. యాప్ నేనే పెట్టుకున్నాను, పాస్‌వర్డ్ నాదే. గోడౌన్‌లో ఏం జరిగిందో చెప్పనివ్వండి. టెక్నీషియన్ తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసి నాకు చూసే లాగిన్ మాత్రం ఇచ్చాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే "మీకెందుకు సార్, నేను చూసుకుంటాగా" అన్నాడు. అతనితో పని మానేశాక కూడా మా గోడౌన్ అతని ఫోన్లో కనపడుతూనే ఉంది. దీనికి సమాధానం చెప్పండి. రాగి, అల్యూమినియం తర్వాత.

తీగల_పని:
అందరినీ ఒకే గాటన కట్టకండి. అడ్మిన్ కస్టమర్ చేతికిస్తే ఏమవుతుందో మాకు తెలుసు. పిల్లలెవరో టైము మార్చేస్తారు, ఎవరో రికార్డింగ్ ఆపేస్తారు. దొంగతనం జరిగాక వీడియో లేకపోతే నిలదీసేది నన్ను. పరువు పోయేది నాది. అందుకే వారంటీ అయ్యేదాకా అడ్మిన్ నా దగ్గరే ఉంచుకుంటాను.

మేడమీది_ఇల్లు:
అంటే మీరు కెమెరాలు పెట్టిన ఇళ్లన్నీ మీ ఫోన్లో కనపడతాయా?

తీగల_పని:
కనపడతాయి. నేను చూడను.

గేటు_తాళం:
చూడరని మీకు తెలుసు. ఆ ఇంట్లో ఆడవాళ్లకు ఎలా తెలుస్తుంది?

రాత్రి_డ్యూటీ:
ఇంకో సంగతి. అన్ని ఇళ్లకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాల్లోకి, డీవీఆర్ రికార్డర్లలోకి దూరి, వాటితోనే పెద్ద పెద్ద సైట్లను పడగొట్టింది. రూటర్లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టి కెమెరాని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టనివ్వకండి.

తీగల_పని:
నేను ఒక్కో ఇంటికి ఒక్కోటి పెడతాను. అయినా ఇంతమంది నన్నే దొంగని చేస్తుంటే ఇంక చెప్పేదేముంది?

మేడమీది_ఇల్లు:
దొంగ అని ఎవరూ అనలేదండీ. మీరు చెప్పినట్టే వైర్ లాగిస్తాను. కానీ యాప్ నా ఈమెయిల్‌తోనే, అడ్మిన్ నా చేతిలోనే. సర్వీసుకి వచ్చినప్పుడు పక్కన నిలబడి నేనే టైప్ చేస్తాను. దీనికి మా టెక్నీషియన్ ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకుంటాను.

తీగల_పని:
ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. రేపు సెట్టింగులు చెడితే మాత్రం ఆయన మీద వేయకండి.

గేటు_తాళం:
ఆయనకి వేరే లాగిన్ ఇచ్చి, కెమెరాలు చూసే అనుమతి తీసేయండి. ఎవరు ఏ సెట్టింగు మార్చారో ఎన్‌వీఆర్ లాగ్‌లో (మార్పుల చిట్టాలో) పడుతుంది. అప్పుడు ఆయన మాటా, మీ మాటా ఎవరూ నమ్మక్కర్లేదు.