పక్క పేషెంటుకి గడ్డ కరిగిపోయింది, నాన్నకి అలాగే ఉంది. రేడియేషన్ పనిచేయట్లేదా?

సుజాత:
నాన్నకి గొంతు క్యాన్సర్. 35 సిట్టింగులు, మొత్తం 70 గ్రే (రేడియేషన్ డోసు కొలత) ఇస్తామన్నారు. వారానికోసారి కీమో కూడా. రెండు వారాలు దాటినా మెడ పక్కన గడ్డ చేతికి అంతే తగులుతోంది. నాన్నతో పాటు వచ్చే లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) అబ్బాయికి 30 గ్రేతోనే అయిపోతుందట, సగంలోనే గడ్డ కనబడకుండా పోయింది. చాలా టెన్షన్‌గా ఉంది.

రమణ:
అమ్మా, నేను రేడియోథెరపీ టెక్నాలజిస్టుని. ఆ ఇద్దరినీ పోల్చకండి. కిరణాలు ఒకటే అయినా కణాలు చచ్చే తీరు వేరు. లింఫోమా కణాలు డీఎన్ఏ దెబ్బతింటే చాలావరకు గంటల్లోనే చచ్చిపోతాయి. వృషణాల్లో వచ్చే సెమినోమా కూడా తేలిగ్గా లొంగుతుంది. గొంతులో ఎక్కువగా వచ్చే స్క్వామస్ రకం (లోపలి పొర కణాల్లో పుట్టేది) అలా కాదు. డీఎన్ఏ తెగిన కణం కూడా పైకి మామూలుగానే ఉంటుంది, రెండుగా విడిపోబోయినప్పుడు చస్తుంది. ఒక్కోసారి రెండు మూడుసార్లు విడిపోయాక గానీ చావదు. అందుకే ఇప్పుడు చేతికి తగిలేదాన్ని బట్టి ఏమీ తేల్చలేం. సిట్టింగులన్నీ అయ్యాక కూడా గడ్డ తగ్గుతూనే ఉంటుంది. పెట్ స్కాన్ సుమారు 12 వారాలు ఆగి తీసేది అందుకే.

ఇంకో సంగతి. గడ్డ నడిమధ్యకి రక్తం సరిగా అందదు. ఆక్సిజన్ లేని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. రోజూ కొంచెం కొంచెం ఇస్తే, బయటివి చచ్చేకొద్దీ లోపలివాటికి ఆక్సిజన్ అంది, అవీ లొంగుతాయి. నాన్నగారికి సిగరెట్ అలవాటుంటే ఇవాళే మాన్పించండి, అది ఆ ఆక్సిజన్‌నే తగ్గిస్తుంది.

సిట్టింగ్ మాత్రం ఒక్కటి కూడా తప్పనివ్వకండి. నాలుగో వారం దాటాక మిగిలిన కణాలు మరింత జోరుగా పెరుగుతాయి. సిట్టింగులో తల కదలకుండా పెట్టే మాస్క్ బిగించాక దవడ కింద వేలు దూరుతుంటే ఆ రోజే చెప్పండి. గడ్డ తగ్గినా, మనిషి చిక్కినా మాస్క్ వదులవుతుంది. మళ్లీ సీటీ తీసి కొత్త ప్లాన్ వేయాల్సి రావచ్చు.

భాస్కర్:
మా అమ్మది మెదడు పొర మీద వచ్చే మెనింజియోమా. రేడియేషన్ అయి ఏళ్లు గడిచినా సైజు దాదాపు అంతే. దీనికి పెరగకుండా ఆగడమే మంచి ఫలితం అన్నారు డాక్టరుగారు.

సుజాత:
ధన్యవాదాలండీ. మాస్క్ వదులుగానే ఉందంటున్నారు నాన్న. రేపు సిట్టింగుకి ముందే చెబుతాను.

లక్ష్మి:
రమణగారూ, బాబాయికి కిడ్నీ క్యాన్సర్. దానికి రేడియేషన్ పనిచేయదంటారు, నిజమేనా?

రమణ:
రోజుకి 2 గ్రే చొప్పున ఇస్తే అది మొండిదే, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ లాగా. ఎస్‌బీఆర్‌టీ పద్ధతిలో కొద్ది సిట్టింగుల్లోనే పెద్ద డోసు గురిచూసి ఇస్తే మాత్రం చాలామందికి గడ్డ పెరగకుండా ఆగుతోంది. ఆపరేషన్ కుదరదన్నారా? అయితే స్కాన్లు తీసుకుని రేడియేషన్ ఆంకాలజిస్టుని ఒకసారి కలవండి.