బీపీ 96/60, ఈఎఫ్ 30: గుండె మాత్రలు తగ్గించాలా?

కొత్తపేట అబ్బాయి: నాన్నకి హార్ట్ ఫెయిల్యూర్, ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకి బయటికి పంపే రక్తం శాతం) 30. పొద్దున బీపీ 96/60. మనిషి హుషారుగానే ఉన్నారు, రోజూ గుడి దాకా నడిచి వస్తారు. అన్నయ్య బీటా బ్లాకర్ (గుండె వేగం, బీపీ తగ్గించే మాత్ర) సగం చేసేద్దాం అంటున్నాడు. ఏం చేయమంటారు?

గోదావరి గట్టు: సగమేంటి, ఆపేయండి. 2006లో వచ్చిన ఆప్టిమైజ్-హెచ్‌ఎఫ్ అనే ఆసుపత్రి రికార్డుల లెక్కలు చూడండి. హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరేటప్పుడు పై బీపీ 120 లోపున్నవాళ్లలో 7.2 శాతం ఆసుపత్రిలోనే పోయారు. 161 దాటినవాళ్లలో 1.7 శాతమే. ఇంకేం కావాలి?

వార్డు నర్సు: వాళ్లకి గుండె బలం తగ్గడం వల్లే బీపీ పడిపోయిందండీ. మాత్రల వల్ల పోయారని ఆ లెక్క చెప్పదు. 2001 కోపర్నికస్ ట్రయల్‌లో ఈఎఫ్ 25 లోపున్నవాళ్లకి కార్వెడిలాల్ అనే బీటా బ్లాకర్ ఇచ్చారు. పై బీపీ 85 ఉన్నా చేర్చుకున్నారు. మరణాలు 35 శాతం తగ్గాయి. బీటా బ్లాకర్ ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, ఆపేయమని ఎలా చెప్తారు?

చిట్టి: 120 లోపుంటేనే మంచిదని 2015 బీపీ ట్రయల్ స్ప్రింట్‌లో తేలిందిగా.

వార్డు నర్సు: స్ప్రింట్‌లో ఈఎఫ్ 35 లోపున్నవాళ్లని అసలు చేర్చుకోలేదు.

గోదావరి గట్టు: మళ్లీ ట్రయల్! మా అమ్మకి డోసు పెంచి పంపారు. రాత్రి బాత్రూంకి లేచి పడింది, తుంటి విరిగింది, మళ్లీ నడవలేదు. అప్పుడు బీపీ 98.

వార్డు నర్సు: పడుకున్నప్పుడా, నిలబడ్డాకా?

గోదావరి గట్టు: నిలబెట్టి చూసిందెవరు? చూడాలని చెప్పిందెవరు? చీటీ మీద మూడు నెలల తర్వాత రమ్మని రాశారు, అంతే. ట్రయల్‌లో వాళ్లని మాటిమాటికీ పిలిచి చూస్తారు. పల్లెలో ఒంటరిగా ఉన్న ముసలామెకి మాత్ర పెంచాక ఎవరు చూస్తారు? నా గొడవ అదీ!

వార్డు నర్సు: ఆ మాట నిజం, చూడకుండా పెంచకూడదు. కానీ భయపడి ఆపేస్తే ఆయాసంతో మళ్లీ వార్డుకే వస్తారు, నేను చూసేది వాళ్లనే. కళ్లు తిరగకపోతే 96కి మామూలుగా గుండె మాత్రల జోలికి వెళ్లరు. తిరిగితే ముందు ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర, ప్రోస్టేట్ మాత్రల్లాంటివి చూస్తారు. వాపు, ఆయాసం లేకపోతే ఒంట్లో నీరు తీసే మాత్ర తగ్గిస్తారు. ఏదైనా డాక్టరు చెప్పాకే.

గోదావరి గట్టు: ఫోనెత్తే డాక్టరుంటే కదా.

కొత్తపేట అబ్బాయి: ఇప్పుడే నిలబెట్టి చూశా. మూడు నిమిషాలకి పై బీపీ 74. లేవగానే కాస్త తూలుతుందని ఇప్పుడు చెప్తున్నారు! ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ కూడా వాడుతున్నారు, గుండె డాక్టరుకి చెప్పలేదట.

వార్డు నర్సు: ఇవాళే చెప్పండి. మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

గోదావరి గట్టు: రాత్రి ఆయన్ని ఒక్కరినీ లేవనివ్వకండి బాబూ.