సమస్య: మిడుత భోజనమ్ము మేలు మునికి

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు ఆటవెలది, నాలుగో పాదం ఇదే. ముని అనగానే కందమూలాలు, పాలు, పండ్లు గుర్తొస్తాయి గానీ మిడుతలేమిటని ముఖం చిట్లించకండి. జూన్ 24 బాప్తిస్మమిచ్చు యోహాను అనే ప్రవక్త పుట్టిన పండుగ. మత్తయి సువార్త మూడో అధ్యాయంలో ఆయన భోజనం మిడుతలు, అడవి తేనె. ఆ దారిలోనే పూరించాలి.

ఉసిరిచెట్టు: ఇదేం సమస్య గురువుగారూ, నేను శాకాహారిని!

కృష్ణాతీరం: మా ఊళ్లో తొలకరి పడితే దీపం కింద గిన్నెలో నీళ్లు పెట్టి ఉసిళ్లు పట్టేవాళ్లు. రెక్కలు చెరిగి, వేయించి, బొరుగుల్లో కలుపుకుని తినేవాళ్లు. మిడుతకు ముఖం చిట్లించడం ఎందుకండీ? పైగా యూదుల ధర్మశాస్త్రంలోని లేవీయకాండం 11:22 మిడుతను తినొచ్చనే చెబుతుంది. యూదుడికి అది నియమం తప్పిన తిండి కాదు. ఇదిగో నా పూరణ:

ఒంటె రోమచేల మొడలిపై, నడుమునఁ
దోలుపట్టి, తేనె తోడుగాఁగ,
రాల యడవి నుండి రాజును గద్దించు
మిడుత భోజనమ్ము మేలు మునికి

నిర్వాహకుడు: నడక బాగుంది. యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరడం) కుదిరాయి. అయితే మూడో పాదం చివర ఒకసారి ఆగి చదవండి. గద్దించేది ముని అని మీ ఉద్దేశం. ‘గద్దించు’ పక్కనే ‘మిడుత’ ఉండేసరికి యోహాను తప్పుపట్టిన ఆ రాజు హేరోదును మిడుతే గద్దిస్తున్నట్టుంది! దూరాన్వయం, అంటే కలవాల్సిన మాటలు దూరంగా పడ్డాయి. ‘గద్దింప’ అని ఒక్క అక్షరం మార్చండి, గణం (గురులఘువుల లెక్క) చెడదు. అప్పుడు ‘రాజును గద్దించాలంటే మునికి మిడుత భోజనమే మేలు’ అని వస్తుంది. మీరు అనుకున్నదాని కంటే పెద్ద మాట అది.

కృష్ణాతీరం: అబ్బ! మార్చేశాను. నిజంగా నాకు తట్టలేదు.

ముత్యాల: నాదొక సందేహం. హేరోదు అంతిప రాజు కాదుగా? గలిలయ, పెరియ ప్రాంతాలకు చతుర్థాధిపతి, అంటే రాజు కంటే చిన్న పాలకుడు. రోము కింద బతికినవాడు.

నిర్వాహకుడు: నిజమే. కానీ మార్కు ‘రాజు’ అనే రాశాడు. పద్యానికి చెల్లుతుంది.

ముత్యాల: సరే, హేరోదు విందులో యోహాను తల నరికించి పళ్ళెంలో తెప్పించిన కథ మీద నా ప్రయత్నం:

తలను పళ్ళెమందు దావత్తు వడ్డించు
కోటలోని విందుకూడు కన్న
నిప్పు వంటి మాట నిలువెల్ల నిండఁగ
మిడుత భోజనమ్ము మేలు మునికి

కృష్ణాతీరం: మూడో పాదానికి దణ్ణం. కానీ దావత్తు, విందు, కూడు... ఒకే పద్యంలో మూడుసార్లు వడ్డించారు. దావత్‌కి ఒత్తు కూడా పెట్టారు.

నిర్వాహకుడు: ‘తలను పళ్ళెమందుఁ దగఁ దెచ్చి వడ్డించు’ అంటే యతి నిలుస్తుంది, పునరుక్తి కొంత తగ్గుతుంది. కోట అన్నారు చూడండి, అది బాగుంది. సువార్తలు చెరసాల అని మాత్రమే అంటాయి. అది మృతసముద్రానికి తూర్పున ఉన్న మకేరస్ కోట అని చెప్పింది యూదు చరిత్రకారుడు జోసీఫస్. యోహానును చంపించిన కారణం కూడా ఆయన వేరే చెప్పాడు. యోహాను చుట్టూ చేరిన జనాన్ని చూసి, తిరుగుబాటు వస్తుందేమోనని హేరోదు భయపడ్డాడట. సువార్తల్లో మాత్రం సోదరుడి భార్య హేరోదియను పెళ్లాడటం తప్పని ముఖం మీద అన్నందుకు. నాకు రెండూ ఒకదానికొకటి అడ్డం రావనే అనిపిస్తుంది. ఆ పెళ్లి కోసం అంతిప పక్కన పెట్టిన మొదటి భార్య పొరుగున ఉన్న నబాతీయ రాజ్యపు రాజు అరెత కూతురు. తర్వాత ఆ అరెతే యుద్ధంలో అంతిప సైన్యాన్ని చిత్తు చేశాడు. ఇది యోహానును చంపినందుకు దేవుడు వేసిన శిక్షేనని యూదుల్లో కొందరు అనుకున్నారని కూడా జోసీఫస్ రాశాడు. చనిపోయాక కూడా ఆయన మాట జనంలో అంత నిలిచింది.

పలకబలపం: నేను కొత్త. టెన్షన్‌గా ఉంది, తప్పులుంటే తిట్టకండి.

సలోమి యాడె సభను, ప్రభువు మెచ్చెను, మాట
తప్పలేక తలను దానమిచ్చె;
ఇట్టి పాపకొలువు ఇంపుగా నుండునా?
మిడుత భోజనమ్ము మేలు మునికి

నిర్వాహకుడు: తిట్టడం దేనికి తమ్ముడూ, ‘మాట తప్పలేక తలను దానమిచ్చె’ అన్నదానికే నూరు మార్కులు. ఇక మరమ్మతు. ‘సలోమి’ జగణం (మధ్యలో గురువు), అక్కడ సూర్యగణం (మూడు లఘువులు గానీ, గురువు తర్వాత లఘువు గానీ) పడాలి. ‘స’కు ‘ప్ర’తో యతీ కుదరదు. పైగా సువార్తల్లో విందులో ఆడి యోహాను తల అడిగిన ఆ అమ్మాయికి పేరే లేదు, హేరోదియ కుమార్తె అంతే. సలోమి అన్న పేరు జోసీఫస్ దగ్గరిది, ఆయనేమో నాట్యం సంగతే ఎత్తడు. ‘బాల యాడె’ అను, గణం, యతి రెండూ తీరతాయి. మూడో పాదంలో ‘కొలువు ఇంపుగా’ అని సంధి వదిలేశావు. ‘ఇట్టి పాపసభల కేటికిఁ బోవలె’ అంటే సరి.

ఉసిరిచెట్టు: శాకాహారిని అన్నాను గానీ ఒకటి అడుగుతా. ఆయన అంత దూరం అడవికి పోవాల్సిన పనేముంది? ఇంట్లో తిండికి లోటా?

నిర్వాహకుడు: అసలు ప్రశ్న ఇదే! తండ్రి జెకర్యా యెరూషలేము ఆలయంలో యాజకుడు, అబీయా తరగతివాడు (వంతులవారీగా సేవ చేసే యాజకుల జట్టు అది). తల్లి ఎలీసబెతు అహరోను వంశం. యాజకత్వం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఆ వంతు వస్తే బలిపీఠం దగ్గరి భాగంతోనే కడుపు నిండేది. అలాంటి ఇంట పుట్టినవాడు యోర్దాను ఒడ్డున నిలబడి మారుమనస్సు పొందమని కేక వేశాడు. సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్లు), సైనికులు వచ్చి ‘మేమేం చేయాలి’ అని అడిగితే, ఏర్పాటైన దానికంటే ఎక్కువ తీసుకోవద్దని సుంకరులకు, జీతంతో సరిపెట్టుకోమని సైనికులకు చెప్పాడు. ఎవరి కంచంలోదీ తినని నోరు కాబట్టి చెప్పగలిగాడు. అందుకే కృష్ణాతీరంగారి ‘గద్దింప’కే ఈ వారం నా ఓటు.

కృష్ణాతీరం: ఆ ఒక్క అక్షరం మీదే కదండీ!

నిర్వాహకుడు: మిగతా అక్షరాలు మీవే. వచ్చే వారం జెకర్యా మీదే, తేటగీతి: ‘పేరు వ్రాసిన పిమ్మట పెదవి విప్పె’. లూకా మొదటి అధ్యాయం చదువుకుని రండి. పలకబలపం అన్న పేరు పెట్టుకున్న తమ్ముడు తప్పకుండా రాయాలి, కథలో పలకే ఉంది.