బంపరు రంగు పొరలుగా ఊడితే తప్పు ఎవరిది?

కష్టార్జితం_కారు: పార్కింగులో స్తంభానికి తగిలితే బంపరు పగలలేదు, లోపలికి వంగి మళ్లీ నిలబడింది. సంతోషం. గీతలకు రంగు వేయిస్తే రెండు నెలల్లో అరచేయంత పొర ఊడి వచ్చింది. దెబ్బకు ఓర్చే ప్లాస్టిక్ చేసినవారికి రంగు పట్టించడం రాదా?

పాలిమర్_పంతులు: వచ్చు. ముందు బంపరు లోపలివైపు ముద్ర చూడండి.

కష్టార్జితం_కారు: పీపీ, ఈపీడీఎం, టీ20.

వరండా_మేధావి: క్రికెట్టా?

పాలిమర్_పంతులు: కాదు, టీ20 అంటే 20 శాతం టాల్క్. ముఖానికి పూసుకునే పౌడరులో ఉండేదే. పీపీ అంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్; ఉత్తదైతే సున్నా డిగ్రీల దగ్గర పెళుసుబారుతుంది. అందులో కలిపిన ఈపీడీఎం అనే రబ్బరు రేణువులు దెబ్బ శక్తిని మింగి పగులును పాకనివ్వవు. రబ్బరుతో తగ్గిన బిగువును టాల్క్ తిరిగి ఇస్తుంది. అయితే పాలీప్రొపిలీన్ ఉపరితల శక్తి, అంటే పైన పడ్డదాన్ని పట్టుకునే గుణం, తక్కువ: మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లే. దాని మీద రంగు తామరాకు మీది నీటిబొట్టే. అందుకే ఫ్యాక్టరీల్లో క్షణకాలం మంట చూపి ఉపరితలానికి ఆక్సిజన్ పట్టిస్తారు, లేదా ఈ ప్లాస్టిక్‌కు అంటుకునే క్లోరినేటెడ్ పాలీఓలెఫిన్ ఉన్న ప్రైమరు (రంగుకు ముందు వేసే పూత) కొడతారు. మీ షెడ్డులో కొట్టారా?

రంగుల_మేస్త్రి: పంతులుగారూ, ప్రైమరు సంగతి మాకు తెలియదనుకున్నారా? 22 ఏళ్లుగా ఇదే పని. ఏబీఎస్ అనే వేరే ప్లాస్టిక్ అయితే థిన్నరు కాస్త కొరుకుతుంది, రంగు పట్టుకుంటుంది. దీనికి ప్రైమరు తప్పదు. దాని ధర చెప్పగానే "అది లేకుండా ఎంత?" అనేది ఇలాంటి యజమానులే.

కష్టార్జితం_కారు: నేను ధర తగ్గించమన్నాను. ప్రైమరు మానమనలేదు.

రంగుల_మేస్త్రి: ఎంత తగ్గించమన్నారు?

కష్టార్జితం_కారు: అది అప్రస్తుతం.

పాలిమర్_పంతులు: టాల్క్ విషయంలో ఒక సవరణ...

రంగుల_మేస్త్రి: టాల్క్ ఆపండి సార్! దెబ్బలు తినడానికి పెట్టిన వస్తువుకు అద్దంలాంటి రంగు ఎందుకు? ఒకప్పుడు నల్ల బంపర్లు ఉండేవి. గీత పడితే పడేది, ఎవరూ ఏడవలేదు.

కష్టార్జితం_కారు: నల్ల బంపరంటే చవక మోడలు. పై మోడలు కోసం అప్పు చేశాను. పక్కింటివారి ముందు మళ్లీ నల్లది తగిలించుకోవాలా?

పాలిమర్_పంతులు: అలాగైతే మీ బాధ పాలిమర్‌ది కాదు. మేస్త్రిగారు అన్నది నిజమే, రంగును ముద్దలోనే కలిపి అచ్చు పోస్తే ఊడేందుకు పొరే ఉండదు.

వరండా_మేధావి: మరి మేస్త్రిగారి షెడ్డు?

రంగుల_మేస్త్రి: నేను అన్నది ఆ ఉద్దేశంతో కాదు.

కష్టార్జితం_కారు: ఎనిమిది వందలు తగ్గించమన్నాను. ఇప్పుడు ప్రైమరుతో కలిపి ఎంత అవుతుందో చెప్పండి.