ఆఫీసు కంప్యూటర్లలో రెండో డీఎన్‌ఎస్‌గా 8.8.8.8 ఉంచవచ్చా?

ఆటోనగర్ సభ్యుడు:
గాజువాక ఆటోనగర్‌లోని మా కార్యాలయంలో 40 కంప్యూటర్లు ఒకే విండోస్ డొమైన్‌లో (అందరి లాగిన్లు ఒకే చోటి నుంచి నడిచే నెట్‌వర్క్‌లో) ఉన్నాయి. పేరు అడిగితే దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ యంత్రం నంబరు) చెప్పేది డీఎన్‌ఎస్ సర్వర్; మా లోపలి పేర్లకు జవాబిచ్చేది ఒక్కటే ఉంది. గత నెల అది ఒక పూట ఆగిపోవడంతో, ప్రతి కంప్యూటర్‌లోనూ రెండో డీఎన్‌ఎస్‌గా గూగుల్ వారు అందరికీ తెరిచి ఉంచిన సర్వర్ 8.8.8.8 చేర్చాము. అప్పటి నుంచి వెబ్‌సైట్లు చక్కగా తెరుచుకుంటున్నాయి గాని, ఖాతాల సర్వర్ రోజుకు రెండు మూడు సార్లు పేరుతో దొరకడం లేదు. ఐపీ అడ్రస్ కొడితే మాత్రం వెంటనే వస్తోంది. దాన్ని తీసివేయాలా, ఉంచాలా?

మధురవాడ సభ్యుడు:
తీసివేయండి. మొదటి సర్వర్‌కు తెలియని పేరును రెండోదాన్ని అడుగుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మొదటిది అసలు పలకకపోతేనే విండోస్ రెండోదాని దగ్గరకు వెళుతుంది, అందుకు వేచి చూసేది సుమారు ఒక్క సెకను. మీ సర్వర్ పని ఒత్తిడిలో ఆ ఒక్క సెకను ఆలస్యం చేస్తే ప్రశ్న 8.8.8.8కు చేరుతుంది, మీ లోపలి పేరు దానికి తెలిసే వీలే లేదు కనుక ‘అటువంటి పేరు లేదు’ అంటుంది. అదీ జవాబే కాబట్టి కంప్యూటర్ దాన్ని నమ్మి కొంతసేపు గుర్తు పెట్టుకుంటుంది. ఈలోగా మీ సర్వర్ తేరుకున్నా ఫలితం ఉండదు. పైగా మీ సర్వర్ల పేర్లు బయటివారికి చేరుతున్నాయి.

ద్వారకానగర్ సభ్యుడు:
ఈ వాదన పూర్తిగా అంగీకరించలేను. నెలనెలా జీఎస్టీ రిటర్న్ అయిన జీఎస్టీఆర్-3బీ దాఖలు చేసేవారికి 20వ తేదీ గడువు. ఆ రోజు ఆ ఒక్క సర్వర్ ఆగితే 40 మందికీ ఇంటర్నెట్ లేనట్టే. ఖాతాల సర్వర్ ఐపీ అడ్రస్‌ను హోస్ట్స్ ఫైల్‌లో (ప్రతి కంప్యూటర్‌లో పేర్లు, అడ్రస్‌లు చేత్తో రాసుకునే ఫైల్) రాసుకుంటే సరిపోయేదానికి, రెండో ఆసరాను తీసివేయమనడం న్యాయమా?

ఎంవీపీ కాలనీ సభ్యుడు:
లోపలి డొమైన్ లేని మా శిక్షణ కేంద్రంలో 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 రెండూ ఉంచాము, ఏ ఇబ్బందీ లేదు. ఆటోనగర్ వారి పరిస్థితి వేరు.

మధురవాడ సభ్యుడు:
ద్వారకానగర్ గారూ, గడువు గురించిన మీ ఆందోళన సరైనదే. అయితే 40 హోస్ట్స్ ఫైళ్లలో రాసిన అడ్రస్, సర్వర్ మారిన రోజున 40 చోట్లా తప్పవుతుంది. పైగా డొమైన్ లాగిన్‌కు కావలసిన వివరాలను కూడా కంప్యూటర్లు డీఎన్‌ఎస్ నుంచే తెలుసుకుంటాయి, వాటిని హోస్ట్స్ ఫైల్ ఇవ్వలేదు. ఆసరా కావలసిందే, అది లోపలి పేర్లు తెలిసిన రెండో సర్వర్ కావాలి. 8.8.8.8ను కంప్యూటర్లలో కాక, ఆ రెండు సర్వర్లలో ఫార్వర్డర్‌గా (తమకు తెలియని బయటి పేర్లను అవి అడిగే సర్వర్‌గా) ఇవ్వండి.
ఆటోనగర్ గారూ, ఈసారి పేరు దొరకనప్పుడు అదే కంప్యూటర్‌లో పింగ్ (సర్వర్ పలుకుతోందో చూసే ఆదేశం), ఎన్‌ఎస్‌లుకప్ (పేరుకు అడ్రస్ అడిగే ఆదేశం) రెండూ చేసి చూడండి. గుర్తు పెట్టుకున్న జవాబులను ఎన్‌ఎస్‌లుకప్ పట్టించుకోదు, సర్వర్‌నే అడుగుతుంది.

ఆటోనగర్ సభ్యుడు:
ఈ ఉదయం చూశాను. పింగ్‌కు పేరు దొరకలేదు, అదే నిమిషంలో ఎన్‌ఎస్‌లుకప్ మా సర్వర్ నుంచి సరైన అడ్రస్ తెచ్చింది. గుర్తు పెట్టుకున్న జవాబులను చెరిపే ఐపీకాన్ఫిగ్ ఫ్లష్‌డీఎన్‌ఎస్ ఆదేశం ఇవ్వగానే పింగ్ కూడా పలికింది. కంప్యూటర్లన్నింటికీ డీఎన్‌ఎస్ అడ్రస్‌లను పంచే డీహెచ్‌సీపీలో 8.8.8.8 తొలగించాను. రెండో సర్వర్‌కు యాజమాన్యం ఇంకా ఒప్పుకోలేదు.

ద్వారకానగర్ సభ్యుడు:
కారణం మీరు చెప్పినదేనని ఒప్పుకుంటున్నాను. రెండో సర్వర్ వచ్చేవరకు, మొదటిది ఆగిన రోజున డీహెచ్‌సీపీ మార్చవలసినవారు ఎవరో ముందే నిర్ణయించుకోండి. ఆ డీహెచ్‌సీపీ కూడా అదే యంత్రంలో ఉంటే దాన్ని రౌటర్‌కు మార్చడం మంచిది.