కొమ్ము పిడి వేసిన పాత చాకు: మరమ్మతా, మోసమా?

సానరాయి:
పెన్సిల్వేనియాలో ఉంటాను. పదేళ్ళుగా పాత మడత చాకులు సేకరిస్తున్నాను. పోయిన నెల ఒక ప్రదర్శనలో అమెరికా కేస్ కంపెనీ చేసిన ట్రాపర్ రకం, రెండు అలుగుల (కోసే పలకల) చాకు కొన్నాను. అలుగు మొదట్లో ‘కేస్ ఎక్స్ఎక్స్’ ముద్ర ఉంది. ఆ ముద్ర 1940 నుంచి 1964 వరకు వాడారు. 1965లో దానికి యు.ఎస్.ఎ. చేరింది. 1970లో ముద్రలో పది చుక్కలు వచ్చాయి, ఆపైన ఏటా ఒక చుక్క తగ్గింది. కాబట్టి వయసు దగ్గర పేచీ లేదు. పిడి జింక కొమ్ము, చూడముచ్చటగా ఉంది, ధర కూడా అందుకు తగ్గట్టే ఇచ్చాను. ఇంటికి తెచ్చి అలుగు రెండో వైపు చూస్తే 6254 అని ఉంది. కేస్ లెక్కలో మొదటి 6 అంటే ఎముక పిడి. కొమ్ము అయితే 5 ఉండాలి. ఫోను చేసి అడిగితే, “పిడి విరిగితే మార్చారండీ, అలుగులు అసలువే కదా” అన్నాడు అమ్మినాయన. ఇది నకిలీ అని నేను, కాదని మా ఆవిడ. మీరేమంటారు?

ఆకురాయి:
మీ ఆవిడగారి మాటే నా మాట. నవారు మార్చినంత మాత్రాన మంచం కొత్తదైపోతుందా? ఈ చాకులు జేబులో పెట్టుకుని వాడుకోవడానికి చేసినవి. ఎముక పగులుతుంది, ఎవరో ఒకరు దగ్గరున్న కొమ్ము ముక్క అతికిస్తారు. ఇంకో సంగతి. ఫ్యాక్టరీ వాళ్ళే మిగిలిన అలుగులు పారేయకుండా వాడేవారు. 1964, 65 మధ్య తయారైన వాటిలో ఒక అలుగు మీద పాత ముద్ర, ఇంకోదాని మీద కొత్త ముద్ర ఉన్న అసలు చాకులు ఉన్నాయి. ముద్రలు పొసగకపోతే అంతా దొంగ సరుకేనంటే వాటినీ పారేయాలి.

పాతఇనుము:
నవారు మార్చి పందిరి మంచమని అమ్మితే ఏమంటారు ఆకురాయి గారూ? ఇక్కడ జరిగింది అదే. ఎముక కంటే కొమ్ము పిడికి ధర ఎక్కువ. విరిగిన ఎముక స్థానంలో ఎముకే వేసి ఉంటే నేనూ మరమ్మతు అనేవాణ్ణి.

సానరాయి గారూ, అంకె పక్కన పెట్టి చాకునే చదవండి. పదింతలు చూపే భూతద్దం చాలు. మొదట ముద్ర. అచ్చుతో కొట్టిన అక్షరం అంచున లోహం కాస్త ఉబ్బుతుంది, ఆమ్లంతోనో యంత్రంతోనో చెక్కితే ఉబ్బదు. తరువాత అలుగు మొదలు మందం. పాత ముద్రను అరగదీసి కొత్తది కొట్టి ఉంటే అక్కడ పలచబడి, పిడి కొన లోహానికీ దానికీ మధ్య సందు కనిపిస్తుంది. ఆఖరున శీలలు. అరవై ఏళ్ళ అలుగు మసకబారి, శీల తల మాత్రం పెళ్ళికూతురు ముక్కుపుడకలా మెరుస్తోందంటే ఇంకేం చెప్పాలి.

జింకకొమ్ము:
చిన్న పక్కదారి. చాకు పిడులకు వాడే కొమ్ములో చాలా భాగం మన దేశపు కణితిదే, అంటే సాంబరు జింకది. ఇంగ్లండులో చాకులకు పేరుపడ్డ షెఫీల్డ్‌కూ అమెరికాకూ ఇక్కడి నుంచే వెళ్ళేది. ఎగుమతి ఆపేశాక మంచి కొమ్ము దొరకడం కష్టమై, పనికిరాని చాకుల నుంచి ఊడదీసి వాడేవాళ్ళు తయారయ్యారు. కాబట్టి కొమ్ము నిజంగా పాతదే కావచ్చు. కొమ్ము పాతదైనంత మాత్రాన చాకు అసలుది కాదు.

మసకఅలుగు:
నకిలీ అనగానే ముక్కు చిట్లించేవారికి ఒక ప్రశ్న. 19వ శతాబ్దంలో షెఫీల్డ్ పేరుతో జర్మనీ సరుకు ఎంతగా వచ్చేదంటే, షెఫీల్డ్ కత్తుల తయారీదారులు గోల పెట్టారు. 1887లో బ్రిటన్ వ్యాపార ముద్రల చట్టం తేవడానికి అదీ ఒక కారణం. నా దగ్గర అలాంటి దొంగ రోడ్జర్స్ (షెఫీల్డ్‌లో పేరున్న కంపెనీ) చాకు ఒకటి ఉంది. నూటముప్పై ఏళ్ళ నకిలీ! అమ్మమన్నా అమ్మను.

పాతఇనుము:
నకిలీ అని చెప్పి ఉంచుకుంటే దాని విలువ దానికుంది. అన్నట్టు, 1880 నాటిదని చెప్పి స్టెయిన్‌లెస్ అలుగు చూపిస్తే మాత్రం నవ్వి వచ్చేయండి. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే లోహ నిపుణుడు ఆ ఉక్కును చేసిందే 1913లో.

సానరాయి:
రాత్రి టార్చి పెట్టి చూశాను. ముద్ర అంచులు ఉబ్బే ఉన్నాయి, అలుగు మొదలు కూడా పలచబడలేదు. అలుగులు అసలువే. శీలలు మెరుస్తున్నాయి. అయితే అలుగులు రెండూ తెరిచి లోపలికి వెలుతురు వేస్తే, ఒక వైపు పిడి లోపలుండే ఇత్తడి రేకు మీద ఇప్పుడున్న శీలకు దూరంగా ఇంకో చిల్లు ఉంది. ఇత్తడి ముక్కతో పూడ్చి అరగదీశారు. రెండో వైపు రేకుకు ఆ చిల్లు లేదు.

పాతఇనుము:
అంటే ఆ చిల్లు రేకు ఇంకో చాకుది. పిడి విరిగితే రేకు మార్చనక్కరలేదు. రెండు మూడు చాకులు కలిపి ఒకటి చేశారు.

ఆకురాయి:
రేకు మాట ముందే చెప్పి ఉంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. డబ్బు వెనక్కి అడగండి. పిడి సంగతిలో మాత్రం నా మాట మార్చను.

సానరాయి:
ఆదివారం అతను మళ్ళీ అదే ప్రదర్శనకు వస్తాడట. చాకుతో పాటు టార్చి కూడా తీసుకెళ్తున్నాను.